ఒక్క కోటింగు చాలదు

ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాస్తాను నేను.
వెనక తలుపు మీద ‘హారన్ కొట్టండి’,
అద్దం పైన ఓనరు కూతుళ్ల పేర్లు,
డీజిల్ ట్యాంకు మీద ‘నెమ్మదిగా తాగు తల్లీ’.
అందుకే ఎక్కడికెళ్లినా ముందు బోర్డు చూస్తాను,
తర్వాతే మనుషుల్ని.

గుంటూరు పెద్దాసుపత్రిలో, మెట్ల కింద,
‘సురక్ష క్లినిక్’ అని కొత్తగా రాశారు.
తెల్లరంగు ఒక్క కోటింగే వేశాడు మహానుభావుడు.
కింద పాత మాట ఇంకా కనిపిస్తూనే ఉంది:
సుఖవ్యాధులు.
‘ఖ’ వొంపు, ‘వ్యా’ కింద వత్తు,
ఎండకీ చావలేదు, వానకీ చావలేదు.

సుఖమట.
ఎవడు పెట్టాడో పేరు, వాడికి వచ్చుండదు.
నాకొచ్చింది శనగగింజంత పుండు.
దానికి నొప్పి లేదు.
నొప్పంతా నాకే,
పదిహేను రాత్రులు.

బెజవాడలో ఆసుపత్రి లేక కాదు.
అక్కడ చీటీలిచ్చే ఆవిడ మా వీధి కోడలు.
అందుకని పొద్దున్నే పాసింజరెక్కి
కృష్ణ దాటి వచ్చాను, ఎవరూ ఎరగని ఊరికి.
పేరడిగితే, నిన్న రంగేసిన లారీ గుర్తొచ్చి
‘వీరభద్రం’ అన్నాను.

బల్ల మీద చోటు చూసుకుని కూర్చుంటే
పక్కన మా సందు చివరి టైలరు జిలానీ.
మెళ్లో టేపు తియ్యడం మర్చిపోయి వచ్చేశాడు పాపం.
కాసేపు ఇద్దరం ఫ్యాను వైపు చూశాం. అది తిరగట్లేదు.
“షుగర్ టెస్టుకొచ్చా” అన్నాడు.
“నేనూ” అన్నాను.
ఆ బోర్డు కిందే కూర్చుని.

వీరభద్రం, వీరభద్రం అని మూడుసార్లు పిలిచారు.
ఎవడబ్బా ఈ చెవిటోడు అని నేనూ చుట్టూ చూశాను.
నాలుగోసారి జిలానీయే మోచేత్తో పొడిచాడు,
“నిన్నే అనుకుంటా.”

లోపల షారోను మేడం.
“పేరు ఏదైతేనేం, రక్తం నీదేగా, కూర్చో” అంది.
ఎంతమందితో, ఎప్పుడు, తొడుగు వాడావా లేదా,
గోంగూర కట్ట ఎంత అన్నంత మామూలుగా అడిగింది.
నా నాలుక తాళం పడింది.
కాయితం ఇమ్మని రాసిచ్చాను.
దయామణి, ఏడాదిగా.
అంతకు ముందు చిలకలూరిపేట దాటాక డాబా వెనక,
ఒకసారి. కాదు, రెండుసార్లు.
ఆ ‘రెండు’ దగ్గర చెయ్యి వణికి సున్నా చెదిరింది.
మేడం చదివి, “రాత చాలా బావుంది” అంది.
అప్పుడేడుపొచ్చింది నాకు, అంతవరకు రాలేదు.

మధ్యాన్నానికి తేలింది.
భయపడింది లేదు. భయపడనిది ఉంది.
సిఫిలిస్. పలకడానికి ఏదో అత్తరు సీసాలా ఉంది.
“సూదితో పోతుంది. ఆ అమ్మాయినీ తీసుకురా.
తను రాకపోతే నీకేసిన మందు బూడిదలో పోసినట్టే.”
ముందు చేతి మీద చిన్న సూది వేసి ఆగి చూశారు,
తర్వాత పిరుదులో పెద్దది.
లారీ చక్రం ఎక్కినట్టుంది.

సాయంత్రం బండిలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను.
ఎదురు సీట్లో జిలానీ,
తనూ ఒక పక్కకే ఒరిగి.
మంగళగిరి దాకా మాట్లాడలేదు.
తర్వాత బఠాణీల పొట్లం నా వైపు జరిపి,
“షుగరెంతుంది?”
“ఉంది. తగ్గుద్దంట.”
“నాకూ.”

దయామణి ఫోను.
“ఎక్కడున్నావు?”
“గుంటూరు.”
“ఏం పని? బోర్డా?”
బోర్డే అనబోయాను.
తెల్లరంగు డబ్బా మూత తీసినంత తేలిక.
ఇంతలో బండి బ్రిడ్జెక్కింది.
కిటికీ పక్క ముసలమ్మ కృష్ణలోకి రూపాయి విసిరి
చేతులు జోడించింది.
“వినపడట్లా, బ్రిడ్జి మీదున్నా.
పెట్టేయకు.
దాటాక చెప్తా, పెట్టేయకు.”

ఇనప కమ్మీలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి.
మొదటి అక్షరం ఏదో చేతికి తెలుసు,
నోటికే తెలీదు.
జిలానీ మెళ్లో టేపు తీసి, చుట్టి జేబులో పెట్టుకుని
మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు,
తనకి చెవులే లేనట్టు.